కల్లివెల్లి పనోన్ని పెట్టుకున్న కాంట్రాక్టర్ మీద కేసు వేస్తే పైసలు వస్తయా?

తమ్మీ, నువ్వు అడిగింది ఇది. మీ బావ కోరుట్ల దిక్కు నుంచి కంపెనీ వీసా మీద దుబాయి పోయిండు. కంపెనీ జీతాలు ఆపేసరికి ఏడాది కింద బయటికొచ్చిండు. ఇప్పుడు కాగితాలు లేకుండ, అంటే కల్లివెల్లిగ, ఒక చిన్న కాంట్రాక్టర్ దగ్గర షట్టరింగ్ పని చేస్తున్నడు. ఆ కాంట్రాక్టర్ మూడు నెలల పైసలు ఆపిండు. పర్మిట్ లేనోన్ని పనిల పెట్టుకునుడు నేరమే గదా, ఆయన మీద కేసు వెయ్యచ్చా, అంత జరిమానా ఉన్నా అసలు ఇట్లాంటోళ్లను ఎందుకు పెట్టుకుంటరు అని.

సూటిగ చెప్పాలంటే, నేరమే. 2024 ఆగస్టు చివర్ల ఎమిరేట్స్ (దుబాయి ఉన్న దేశం, యూఏఈ) కార్మిక చట్టానికి మార్పు అమల్లకు వచ్చింది. అంతకుముందు పర్మిట్ లేని మనిషిని పనిల పెట్టుకున్న యజమానికి 50 వేల నుంచి 2 లక్షల దిర్హమ్‌ల జరిమానా ఉండె. ఇప్పుడు అది 1 లక్ష నుంచి 10 లక్షల దిర్హమ్‌ల దాక పోయింది. పని ఇస్తనని మనిషిని దేశంలకు తెచ్చి పని చూపకుండ వదిలేసినోనికి, జీతాలు తేల్చకుండ కంపెనీ మూసుకున్నోనికి కూడ ఇదే లెక్క. అయితే ఆ జరిమానా సర్కారు ఖజానాల పడ్తది, మీ అక్క చేతిల పడదు. ఫిర్యాదు పోయిన రోజు ముందుగాల దొరికేది పర్మిట్ లేని మనిషే. అందుకే నా మాట ఏందంటే, మీ బావ కేసు వెయ్యాల్సింది ఈ కాంట్రాక్టర్ మీద కాదు, ఆయన వదిలిపెట్టి వచ్చిన మొదటి కంపెనీ మీద. ఎందుకో తెల్వాలంటే పెట్టుకునేటోడు ఎందుకు పెట్టుకుంటడో ముందు తెల్వాలె.

నేను దుబాయి, షార్జా సైట్లల్ల చానా ఏండ్లు టైమ్‌కీపర్‌గ చేసి వచ్చినోన్ని. ఫోర్‌మన్ పని చూస్తడు, ఇంజనీర్ డ్రాయింగ్ చూస్తడు, ఏ మనిషి ఎవరి లెక్కల ఉన్నడో చూసేది మాత్రం టైమ్‌కీపరే. బయట నుంచి చూస్తే ఒకటే సైటు, ఒకటే బోర్డు. లోపల అంతస్తులుంటయి. పైన యజమాని, ఆయన కింద మెయిన్ కాంట్రాక్టర్, ఆయన కింద షట్టరింగుకు ఒకడు, స్టీలుకు ఒకడు, ప్లాస్టరింగుకు ఒకడు. వాళ్ల కింద మనుషులను సప్లై చేసే కంపెనీ. అన్నిటికన్న కింద గజం లెక్కన, మీటరు లెక్కన పని ఒప్పుకున్న మేస్త్రి. పైనోడు ఎవ్వడూ కల్లివెల్లి మనిషిని పెట్టుకోడు. గేటు కాడ కార్డు గీకాలె, సేఫ్టీ క్లాసు వినాలె, పేరు కంప్యూటర్ల ఉండాలె. పెద్ద టవర్లల్ల కల్లివెల్లోళ్లు కనబడకపోవుడు అందుకే. వాళ్లు కనబడేది విల్లాలు కట్టే కాడ, షాపుల లోపలి పని నడిచే కాడ, పాత బిల్డింగుల రిపేర్ల కాడ, కాంపౌండు గోడలు, టైల్స్, పెయింటింగుల కాడ. ఎంత చిన్న పనైతే అంత చిన్న కాంట్రాక్టర్, అంత తక్కువ కాగితం.

ఇగ లెక్క చూడు. కంపెనీ మనిషిని తెచ్చుకుంటే పర్మిట్ ఫీజు, మెడికల్, ఎమిరేట్స్ ఐడీ, ఇన్సూరెన్స్, పోయిరావడానికి టికెట్, క్యాంపుల మంచం, బస్సు, ఇవన్ని యజమాని మీదనే పడ్తయి. రిక్రూట్‌మెంట్ ఖర్చు మనిషి దగ్గర వసూలు చెయ్యొద్దని అక్కడి చట్టమే చెప్తది. ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం లెక్కన గ్రాట్యుటీ జమ అయితది, అయిదేండ్లు దాటితే 30 రోజుల లెక్క. సైటు ఆగినా మనిషికి జీతం ఆగొద్దు. కల్లివెల్లి మనిషికి ఇవేవీ లేవు. స్లాబు పోసే వారం ఇరవై మంది షట్టరింగోళ్లు కావాలె, తర్వాత పది రోజులు ఇద్దరు సరిపోతరు. అసొంటి టైముల కాంట్రాక్టర్ ఫోన్ తీసి తెలిసిన మేస్త్రికి కొడ్తడు. తెల్లారి ఆరింటికల్లా వ్యాన్‌ల మనుషులు దిగుతరు. పని అయిపోయినంక వాళ్లు ఎవరో ఆయనకు తెల్వది. కొద్ది రోజుల పనికి టెంపరరీ పర్మిట్ తీసుకునే పద్ధతి చట్టంల ఉన్నది. అయితే దానికి మనిషి కాగితం సరిగ ఉండాలె, ఫీజు కట్టాలె, దినాలు ఆగాలె. స్లాబు ఆగదు.

ఇంకొక సంగతి కూడ ఉన్నది, దీన్ని చానమంది గమనించరు. 2009 నుంచి ఎమిరేట్స్‌ల జీతాలు బ్యాంకు ద్వారా పోవాలని పద్ధతి పెట్టిన్రు. ఎవరికి ఎంత పోయిందో కార్మిక శాఖకు కనబడ్తది. ఇది మంచి పనే, కంపెనీ కార్మికులకు దీనితోని మేలే జరిగింది. అయితే చేతికి నగదు ఇచ్చే పనంత దిగజారి చిన్న చిన్న మేస్త్రిల కాడికి చేరింది. సైట్ల రెండు పుస్తకాలు నడుస్తయి. ఒకటి ఆఫీసుకు పోయే టైమ్‌షీట్. ఇంకొకటి మేస్త్రి జేబుల ఉండే చిన్న నోట్‌బుక్, అండ్ల పూర్తి పేర్లు కూడ ఉండయి. "మెట్‌పల్లి రాజన్న, పొడుగు శీను, నేపాలీ ఇద్దరు" అని రాసుంటది. తనిఖీ వస్తున్నదని గేటు కాడ నుంచి ఫోన్ రాంగనే రెండో పుస్తకంల ఉన్నోళ్లు వెనుక దిక్కు నుంచి జారుకుంటరు. దొరికినోడు దొరికిండు. మేస్త్రి మాత్రం "ఈ మనిషి ఎవరో నాకు తెల్వదు, నీళ్లు తాగుతందుకు వచ్చిండు" అంటడు.

పనోని దిక్కు నుంచి కూడ లెక్క చెప్త, ఎందుకంటే మీ బావ నీకు ఫోన్‌ల "కంపెనీలకన్న బయటనే మంచిగున్నది" అని చెప్పి ఉంటడు. కంపెనీల వెయ్యి దిర్హమ్‌ల బేసిక్ ఉన్న మనిషికి బయట రోజుకు వంద ఇస్తరనుకుందాం. నెలకు 22 దినాలు పని దొరికితే 2,200. వినడానికి డబుల్ కన్న ఎక్కువ. అండ్ల నుంచి మంచం కిరాయి, తిండి, రాకపోకల ఖర్చు తియ్యి. ఒంట్లె బాగలేకపోతే ప్రైవేట్ క్లినిక్, అది కూడ చేతి పైసలే. ఇగ ఎవ్వరు లెక్కల పట్టనిది ఒకటుంది. వీసా అయిపోయి, ఇచ్చిన గడువు కూడ దాటినంక రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా పడ్తది. నెలకు 1,500, ఏడాదికి 18,250. అది ఎవ్వరు వచ్చి అడగరు గనుక లేనట్టే అనిపిస్తది. ఇంటికి పోదామన్న రోజు విమానాశ్రయంల ఒక్కసారే ముందుకొస్తది. ఇది కలుపుకుంటే 2,200 దిర్హమ్‌ల కూలిల మూడింట రెండొంతుల దాక అప్పు కింద పోతున్నట్టే. క్షమాభిక్ష, అంటే జరిమానా లేకుండ ఇంటికి పొమ్మని అక్కడి సర్కారు ఇచ్చే గడువు, వస్తే మాఫీ అయితది, నిజమే, కాని అది ఎప్పుడొస్తదో ఎవ్వనికి తెల్వది.

ఇప్పుడు నీ మూడు నెలల ముచ్చట. అది ఆ కాంట్రాక్టర్‌కు బిల్లు రాక ఆగింది అనుకుంటున్నవేమో. కొన్నిసార్లు అది నిజం కావచ్చు, పైనోడు ఇయ్యకపోతే కిందోడు ఇయ్యలేడు. అయితే నేను చూసినంతల, కాగితం లేని మనిషికి ఒకటి రెండు నెలల పైసలు ఎప్పటికీ వెనక పెట్టుడు ఒక పద్ధతి. పైసలు మిగిలి ఉంటే మనిషి ఇంకో మేస్త్రి దగ్గరికి పోడు. దొరికిపోయి దేశం దాటితే ఆ బాకీ మాఫీ అయితది. జరిమానా పెంచినంక ఇది ఇంకా పెరుగుతదని నా అనుమానం. పట్టుబడ్తే లక్షలు కట్టాలె గనుక కాంట్రాక్టర్ ఆ భయాన్ని పనోని కూలిల నుంచే కోస్తడు. యజమానికి శిక్ష వెయ్యాలంటే సాక్షి కావాలె. సాక్షి ఎవరు? ఆ పనోడే. ఆయన్ను మాత్రం ముందుగాల విమానం ఎక్కిస్తరు. చట్టం ఎంత కఠినంగ రాసినా ఈ ఒక్క కాడ అది చేతులెత్తేస్తది. 1975 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం ఒకటుంది, 143 నంబరుది. కాగితం లేకపోయినా చేసిన పనికి కూలి ఇయ్యాల్సిందే అని అండ్ల ఉన్నది. గల్ఫ్ దేశాలు దాని మీద సంతకం పెట్టలే. మన దేశం కూడ పెట్టలే.

మనోళ్లు కల్లివెల్లి ఎట్లయితరో కూడ చూడాలె. తప్పు ఎక్కడ మొదలైందో దాన్ని బట్టే దారి ఉంటది. కొందరు విజిట్ వీసా మీద పోతరు. ఊర్లె ఏజెంటు "అక్కడ పోయినంక మార్పిస్తం" అంటడు, మార్పియ్యడు. కొందరు ఆజాద్ వీసా అని లక్ష, లక్షన్నర పెట్టి కొంటరు. ఆజాద్ వీసా అనే వీసా ఏ చట్టంల లేదు. ఎవడో ఒక కఫీల్ తన పేరు మీద వీసా ఇచ్చి బయట పని చేసుకొమ్మంటడు, అంతే. వీసా మీద ఉన్న కంపెనీ ఒకటి, పని చేసేది ఇంకొకటి అయితే కాగితం ఉన్నా లేనట్టే. కువైట్‌ల అయితే ఇంటి పనోళ్ల 20 నంబరు వీసా మీద పోయి బిల్డింగు పనిల చేరినోళ్లు మన జిల్లాలల్ల బోలెడు మంది. సౌదీల కఫీల్ హురూబ్, అంటే పనోడు పారిపోయిండన్న రిపోర్టు, రాస్తే మనిషి కాగితం లేనోడైతడు. మీ బావది ఇవేవీ కాదు. సరైన వీసా మీద పోయి, జీతం రాక బయటపడ్డడు. ఇది అన్నిటికన్న బలమైన కేసు.

కొంచెం పక్కదారి పడ్త, ఏమనుకోకు. పెద్దపల్లి, సుల్తానాబాద్ దిక్కు ఇటుక బట్టీలల్ల ఒడిశా నుంచి కుటుంబాలు కుటుంబాలు వస్తయి. వరంగల్, కరీంనగర్ల అపార్ట్‌మెంట్లు కట్టేది సగం బిహార్, ఛత్తీస్‌గఢ్ పిలగాండ్లు. వేరే రాష్ట్రం నుంచి తెచ్చినోళ్ల పేర్లు రిజిస్టర్ల రాయాలని, రాకపోకల ఖర్చు ఇయ్యాలని 1979లనే చట్టం చేసిన్రు. మన బిల్డర్లల్ల దుబాయి నుంచి తిరిగొచ్చి పని మొదలుపెట్టినోళ్లు కూడ ఉన్నరు. వాళ్ల దగ్గర కూడ జేబుల రెండో పుస్తకమే. సరే, నీ సంగతికొస్త.

మొదటి కంపెనీ మీద కేసు అన్న గదా. మీ బావకు ఆ కంపెనీతోని కార్మిక శాఖల రిజిస్టర్ అయిన కాంట్రాక్ట్ ఉన్నది. జీతం ఎన్ని నెలలు పడలేదో బ్యాంకు లెక్కలల్లనే కనబడ్తది, మీ బావ రుజువు చెయ్యాల్సిన పని తక్కువ. బాకీ జీతం, గ్రాట్యుటీ, వాడుకోని సెలవుల పైసలు, తిరుగు టికెట్ అడగచ్చు. ఉద్యోగం ముగిసిన దినం నుంచి 2 ఏండ్ల లోపల అడగాలె. ఇంతకుముందు ఈ గడువు ఏడాదే ఉండె, 2024 మార్పుతోని పెరిగింది. ఏడాదే అయింది గనుక మీకు ఇంకా టైమున్నది, అయితే ఊకె కూసుంటే గడిచిపోతది. లక్ష దిర్హమ్‌ల లోపు దావాకు కోర్టు ఫీజు లేదు. 50 వేల లోపుదైతే కోర్టు దాక పోకుండ కార్మిక శాఖనే తీర్పు చెప్పే అధికారం 2024 జనవరి నుంచి ఉన్నది. మీ బావ బాకీ బహుశ ఆ లోపలనే ఉంటది.

దీనికి ఒక అడ్డు ఉన్నది. ఆయన బయటికొచ్చినంక కంపెనీ పారిపోయిండని రిపోర్టు పెట్టి ఉండచ్చు. మనిషి వరుసగ 7 రోజులు పనికి రాకపోతే పెట్టచ్చు. ఆ రిపోర్టు ఉన్నదా లేదా అన్నది మొట్టమొదట తెలుసుకోవాలె. ఉన్నా భయపడాల్సింది లేదు, అది తప్పని చెప్పుకునే హక్కున్నది. "జీతం ఇయ్యలే, అందుకే పోయిన" అన్నదానికి బ్యాంకు లెక్క కన్న పెద్ద సాక్ష్యం ఏముంటది? నిజానికి జీతం ఆగిన రోజుననే కార్మిక శాఖకు చెప్పి, 14 పని దినాలు ఆగి, అప్పటికీ కంపెనీ దారికి రాకపోతే నోటీసు లేకుండ బయటికి వచ్చే వీలు చట్టంల ఉండె. ఈ ముక్క ముందు తెలిస్తే మీ బావ ఈ రోజు కల్లివెల్లి అయ్యేటోడు కాదు. క్యాంపులల్ల ఇది ఎవ్వరు చెప్పరు. సోనాపూర్‌ల, అల్ కూజ్‌ల మంచం పక్క మంచమోడు చెప్పేది ఒక్కటే, "బయట మస్తు పని ఉన్నది, దుంకు."

పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గరనే ఉన్నదా అని కూడ అడుగు. మనిషి కాగితాలు యజమాని పట్టుకోవద్దని అక్కడి చట్టంల ఉన్నది. దాదాపు అందరు పట్టుకుంటరు, అది వేరే సంగతి.

ఇగ ఈ కాంట్రాక్టర్ దగ్గర ఇరుక్కున్న మూడు నెలలు. ఇది కోర్టుల కన్న ఊర్లె తేలే అవకాశమే ఎక్కువ. నవ్వకు, నిజమే చెప్తున్న. మీ బావను పెట్టుకున్నోడు తెలుగోడేనా? మనోడే అయితే జగిత్యాల, నిర్మల్, ఆర్మూర్ దిక్కు ఏదో ఒక ఊరోడే అయ్యుంటడు. కల్లివెల్లి మనిషిని నమ్మి పెట్టుకునేటోడు ముక్కు మొఖం తెల్వనోన్ని పెట్టుకోడు, ఎవరిదో ఒకరి మాట మీద పెట్టుకుంటడు. ఆ మాట చెప్పినోన్ని పట్టుకో. కాంట్రాక్టర్ ఇల్లు, అవ్వయ్య, అన్నదమ్ములు ఇక్కడనే ఉంటరు. మీ అక్కను, ఇద్దరు పెద్దమనుషులను తీస్కపోయి ఇంటి ముందట కూసోండ్రి. కొట్లాట వద్దు. ఎన్ని దినాలు పని చేసిండు, ఎంత రావాలె, ఏ తారీఖు వరకు ఇస్తరు అన్నది కాగితం మీద రాయించి సంతకం తీసుకో. అక్కడ దిర్హమ్‌లు ఇయ్యలేకపోతే ఇక్కడ రూపాయలల్ల ఇయ్యమను. నేను చూసినంతల ఇట్ల వసూలైన బాకీలే ఎక్కువ. మనిషికి దుబాయి పోలీసు కన్న ఊర్లె పరువు ఎక్కువ బరువు.

అట్ల పోవాలంటే చేతిల లెక్క ఉండాలె. మీ బావకు ఈ రోజే చెప్పు. పని చేసిన ప్రతి సైటు ముందట ఉండే బోర్డు ఫోటో తియ్యాలె, అండ్ల మెయిన్ కాంట్రాక్టర్ పేరు, కన్సల్టెంట్ పేరు ఉంటది. కాంట్రాక్టర్ ట్రేడ్ లైసెన్స్ ఏ పేరు మీద ఉన్నదో కనుక్కోవాలె. చానమంది మనోళ్లు వేరేటోళ్ల లైసెన్స్ మీద పని నడుపుతరు. వాట్సాప్‌ల "అన్నా, నాకు మొత్తం ఎంత రావాలె చెప్పు" అని మర్యాదగ అడిగి జవాబు తెప్పించుకోవాలె. ఆయన "ఇస్త గదా, వచ్చే నెల" అన్నా సరే, అది బాకీ ఒప్పుకున్నట్టే. ఆ మెసేజ్‌లు నీకు పంపమను. ఫోన్ పోతే సాక్ష్యం పోతది.

ఒక్క పని మాత్రం చెయ్యకుండ్రి. మన దిక్కు నుంచి అక్కా చెల్లెండ్లు, బామ్మర్దులు ఆ కాంట్రాక్టర్‌కు బూతుల వాయిస్ మెసేజ్‌లు పంపుతుంటరు. "పైసలు ఇయ్యకుంటే పోలీసులకు పట్టిస్త" అని బెదిరిస్తరు. ఎమిరేట్స్‌ల ఫోన్‌ల తిట్టుడు, బెదిరించుడు సైబర్ చట్టం కింద నేరం. 2021 చట్టంల అవి కఠినంగ ఉన్నయి. నీ నంబరు మీద నువ్వు ఇక్కడ కూసోని తిడ్తే నీకేం కాదు కావచ్చు, అదే మాట మీ బావ ఫోన్ నుంచి పోతే కూలి అడిగినోడే ముద్దాయి అయితడు. ఇక్కడికొచ్చిన కేసులల్ల ఇట్ల చెడగొట్టుకున్నోళ్లు ఉన్నరు.

ఇంటికి తెచ్చుడు ఎట్లా అన్నది ఇంకో సంగతి. క్షమాభిక్ష కోసం ఎదురుచూద్దాం అని మీ బావ అంటే ఒప్పుకోకు. 2018ల ఒకటిచ్చిన్రు, ఆగస్టు నుంచి డిసెంబర్ దాక. 2020ల కరోనా టైముల జరిమానా మాఫీ ఒకటిచ్చిన్రు. తర్వాతది 2024 సెప్టెంబర్ 1న మొదలైంది. ముందు అక్టోబర్ చివరి వరకే అని, తర్వాత డిసెంబర్ 31 దాక దాన్ని పొడిగించిన్రు. జరిమానా మాఫీ చేసిన్రు, మళ్ల రావొద్దన్న ముద్ర కూడ వెయ్యలే. 2020కి, 2024కి నడుమ నాలుగేండ్లు. రోజుకు 50 దిర్హమ్‌లు పెరుగుతుంటే అన్నేండ్లు ఎవరు ఆగుతరు. క్షమాభిక్ష లేకపోయినా దారి ఉన్నది. పాస్‌పోర్ట్ లేకుంటే కాన్సులేట్ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తది, మనోళ్లు ఔట్‌పాస్ అనేది దాన్నే. జరిమానా తగ్గించమని అర్జీ పెట్టుకోవచ్చు. 2009ల మన కేంద్ర సర్కారు పెట్టిన ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి ఒకటి ప్రతి ఎంబసీల ఉంటది. తప్పు తనది కాకుండ చిక్కుకున్న మనిషికి టికెట్, చిన్న జరిమానాలు, వకీలు ఖర్చు అండ్ల నుంచి ఇయ్యచ్చు. దుబాయిల ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342 నంబరుకు ఫోన్ చేస్తే అక్కడ ఉచితంగ సలహా చెప్తరు. నువ్వు ఇక్కడ నుంచి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌ల ఫిర్యాదు వెయ్యి. హైదరాబాద్ ప్రజాభవన్‌ల మంగళవారం, శుక్రవారం ప్రజావాణి ఉంటది, గల్ఫ్ బాధితుల కోసం 2024ల అక్కడనే వేరే కౌంటర్ పెట్టిన్రు. మీ అక్క పోయి అర్జీ ఇస్తే మంచిది. భార్య పెట్టుకున్న అర్జీకి బామ్మర్ది అర్జీ కన్న విలువ ఎక్కువ.

చెప్పొద్దనుకున్నా చెప్పక తప్పని సంగతి ఇంకోటి. షట్టరింగు పని ఎత్తు మీద పని. కంపెనీ మనిషి కింద పడ్తే ఆస్పత్రి ఖర్చు, నష్టపరిహారం కంపెనీది. చనిపోతే శవాన్ని ఇంటికి పంపేది కంపెనీనే. కల్లివెల్లి మనిషి పడ్తే ఆస్పత్రి గేటు కాడ దింపి వ్యాన్ తిప్పుకుంటరు, ఎందుకంటే లోపలికి వచ్చి పేరు చెప్పినోనికి జరిమానా. అందుకని ఒకటి చూడు. మీ బావ పదో తరగతి పాస్ కాకుండ, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (బయటి దేశంల పనికి పోనీకి మన సర్కారు ఇచ్చే అనుమతి) తీసుకొని పోయి ఉంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ ఉండి తీరాలె. 275 రూపాయలకు రెండేండ్లు, 375 రూపాయలకు మూడేండ్లు. ప్రమాదంల చనిపోయినా, పూర్తిగ అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. కంపెనీ మారినా, జాగ మారినా ఆ పాలసీ పోదు. ఈ సంగతి ఏజెంట్లకే సరిగ తెల్వది. ఇంట్ల కాగితాల సంచిల వెతుకు, గడువు ఎన్నడు అయిపోతదో చూడు, అవకాశం ఉంటే రెన్యువల్ చేయించు. విజిట్ వీసా మీద పోయినోళ్లకు ఈ పాలసీ ఉండనే ఉండదు. గల్ఫ్‌ల చనిపోయినోళ్ల కుటుంబాలకు 5 లక్షలు ఇచ్చేటట్టు మన రాష్ట్ర సర్కారు 2024ల ఉత్తర్వు ఇచ్చింది, అర్జీ కలెక్టర్ ఆఫీసుల పెట్టుకోవాలె. అది నీకు ఎన్నటికీ అక్కర రావొద్దు.

మీ బావను పంపిన ఏజెంటు ముచ్చట నువ్వు రాయలే. రిజిస్టర్డ్ ఏజెంటు అయితే 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోవద్దు. ఎక్కువ తీసుకొని ఉంటే, రసీదో, ఫోన్‌పే లెక్కో ఏదున్నా బయటికి తియ్యి. మన పల్లెలల్ల తిరిగే సబ్ ఏజెంట్లకు లైసెన్స్ ఉండదు, 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద అది కూడ కేసే. ఈ కేసు ఇక్కడి పోలీస్ స్టేషన్లనే పెట్టచ్చు, దుబాయి దాక పోయే పని లేదు. మొదటి కంపెనీల జీతం రాదని ఏజెంటుకు ముందే తెలిసి పంపిండని తేలితే, ఊర్లె పంచాయితీల నీ మాటకు బలం వస్తది.

వరుస మాత్రం తప్పకు. ముందు కాంట్రాక్టర్ దగ్గర బాకీ లెక్క వాట్సాప్‌ల రాయించుకోవాలె, ఊర్లె కాగితం చేయించాలె. ఆ లోపల సహాయతా కేంద్రానికి ఫోన్ చేసి పారిపోయిన రిపోర్టు సంగతి కనుక్కోవాలె, మొదటి కంపెనీ మీద దావా వెయ్యాలె. ఔట్‌పాస్ సంగతి ఆఖరికి. చానమంది ముందే ఔట్‌పాస్ తీసుకొని ఇంటికొచ్చి, తర్వాత కంపెనీ మీద కేసు ఎట్లా అని అడుగుతరు. వచ్చినంక కూడ పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి నడపచ్చు గాని, అది చానా పొడుగు పని.

నాకు ఇంకా తెల్వాల్సినవి ఇవి: కంపెనీ వదిలిపెట్టిన తారీఖు, ఆఖరి జీతం బ్యాంకుల పడ్డ నెల, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరున్నది, వీసా గడువు ఎన్నడు తీరింది, పాలసీ కాగితం దొరికిందా లేదా. పేర్లు, నంబర్లు ఇక్కడ రాయకు, కాంట్రాక్టర్ కూడ తెలుగు చదువుతడు. తారీఖులు రాస్తే చాలు, ముందుగాల ఏ ఆఫీసు మెట్లెక్కాల్నో చెప్త.